మోకాలి మలాముకు గంజాయి అవసరమా?

గత సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా మేనమామ కొడుకు, పండగ మర్నాడు మా అమ్మ మోకాళ్లు పట్టుకుని అరుగు దిగడం చూసి చాలాసేపు మాట్లాడలేదు. చిన్నప్పుడు ఆమె చంకనెక్కి కొబ్బరితోటంతా తిరిగినవాడు. ఆ రాత్రి భోజనాలయ్యాక నన్ను పెరట్లోకి పిలిచి, గంజాయితో మలాము చేసి అత్త మోకాళ్లకు రాద్దామని, ఎలా చేయాలో వీడియోల్లో పూర్తిగా చూశానని, సరుకు తెచ్చే మనిషి కూడా తెలుసని చెప్పాడు. "ఇది మత్తుకు కాదు బావా, మందు. ప్రకృతి ఇచ్చిన మందు" అన్నాడు. ఆ మాటలో కపటం లేదు, అమ్మ మీద ప్రేమే ఉంది. అందుకే అతనికి ఆ రాత్రి ఒక్క ముక్కలో వద్దని చెప్పి ఊరుకోలేకపోయాను. ఆ తర్వాత వారాల తరబడి చదివి, ఆలోచించి, చివరికి అతనికి చెప్పిన సమాధానాన్నే ఇక్కడ కొంత విస్తరించి రాస్తున్నాను, ఎందుకంటే ఇదే ప్రశ్న ఈ మధ్య మా పాఠశాలలో తోటి ఉపాధ్యాయుల నోట, బస్సులో పక్కన కూర్చున్నవారి నోట కూడా వింటున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక పల్లె, అంటే ఉద్దానం. ఉద్దానంలో మోకాలి నొప్పి అంటే ఒక్క మోకాలి నొప్పి కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధిని వెతకడం కష్టం. మా అమ్మ రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడపోయవలసిన వ్యర్థం, ఎక్కువగా ఉందని అయిదేళ్ల కిందట తేలింది. అప్పటికే ఆమె ఎన్నో ఏళ్లుగా నొప్పి బిళ్లలు మింగుతోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరితోటను నేలమట్టం చేసినప్పుడు, పడిపోయిన చెట్ల మధ్య రోజుల తరబడి వంగి కాయలు ఏరిన తర్వాత ఆ మోకాళ్లు మరి కోలుకోలేదు. ఊళ్లో మందుల దుకాణంలో చీటీ అడగకుండా, కిడ్నీల సంగతి అడగకుండా, రోజుకు రెండు చొప్పున బిళ్లలు కట్టి ఇచ్చేవారు. ఆ దుకాణం పేరు ఇక్కడ అనవసరం. అలాంటివి ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్లలు వాపును పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకుంటాయి. కానీ కిడ్నీలోకి పోయే రక్తనాళాన్ని తెరిచి ఉంచేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. బలహీనపడిన కిడ్నీకి ఆ సాయం కూడా తీసేస్తే ఏమవుతుందో మా వీధిలో డయాలసిస్‌కు వెళ్లివచ్చే వాళ్లను చూసి మేము నేర్చుకున్నాం. నొప్పి బిళ్ల ముట్టవద్దని డాక్టరు చెప్పిన రోజు నుంచి మా ఇంట్లో ప్రశ్న ఒక్కటే: మరి రాత్రిపూట ఈమె నిద్రపోయేదెలా?

కాబట్టి ఇంట్లో చేసుకునే మలాము నాకు సరదా కాదు. నోటిద్వారా పోని మందు, కిడ్నీని తాకని ఉపశమనం మాకు కావాలి. ఆ కోరికలో నేనూ మా బావమరిదీ ఒకటే.

ముందుగా అతని మాటలో నిజమెంత ఉందో చెప్పడం న్యాయం. గంజాయి మొక్కలో ఔషధ గుణం లేదని ఎవరైనా అంటే అది అబద్ధం. ఆయుర్వేదం దానిని విజయ అన్న పేరుతో ఎరుగును. కలకత్తాలో పనిచేసిన ఓషానెసీ అనే వైద్యుడు 1839లోనే దాని మీద తన ప్రయోగాలను ప్రకటించాడు. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త మెషౌలమ్ తన సహచరుడితో కలిసి 1964లో మత్తునిచ్చే టీహెచ్‌సీని వేరుచేసి చూపాడు. ఆ పదార్థం పట్టుకునే గ్రాహకాలు మన నరాల్లోనే కాక చర్మంలో కూడా ఉన్నాయని తరువాత తేలింది. మత్తు కలిగించని సీబీడీ అనే మరో పదార్థాన్ని కెంటకీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో జెల్‌గా చేసి, కీళ్లవాపు కలిగించిన ఎలుకల చర్మానికి రాస్తే, వాపూ నొప్పీ తగ్గాయి. 2020లో పాదాల నరాల నొప్పి ఉన్న 29 మందిపై సీబీడీ నూనెను నాలుగు వారాలు పరీక్షించినప్పుడు కొంత ఉపశమనం కనిపించింది. ఇవన్నీ నిజాలే.

అయితే ఆ ఎలుకలకు రాసింది శుద్ధి చేసిన సీబీడీ. అది కూడా చర్మాన్ని దాటించడం కోసం ఆల్కహాలుతో చేసిన జెల్‌లో, కొలిచిన మోతాదులో. ఇరవై తొమ్మిది మంది అంటే మా పాఠశాలలో ఒక తరగతి కూడా నిండదు. కీళ్ల జబ్బు ఉన్న మనుషుల మీద ఇంతకంటే పెద్ద పరీక్ష డెన్మార్క్‌లో జరిగింది. చేతివేళ్ల కీళ్ల నొప్పి, సోరియాసిస్‌తో వచ్చే కీళ్లవాతం ఉన్న 136 మందిలో కొందరికి సీబీడీ బిళ్లలు, కొందరికి ఉత్తుత్తి బిళ్లలు పన్నెండు వారాలు ఇచ్చారు. 2022లో వెలువడిన ఫలితంలో రెండు గుంపుల నొప్పికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అది మింగే బిళ్ల, మనది రాసే మలాము అని బావమరిది వాదించాడు. నిజమే. కానీ రక్తంలో కలిసి కీలు దాకా పోయిన మందే తేడా చూపనప్పుడు, చర్మం పైపొరలోనే ఆగిపోయే మందు మీద అంత నమ్మకం పెట్టుకోవడానికి ఆధారం ఏమిటని అడిగాను.

ఇక్కడ చర్మం సంగతి కొంచెం చెప్పాలి. మన చర్మం పైన చచ్చిన కణాలతో, వాటి మధ్య కొవ్వుతో కట్టిన ఒక పొర ఉంటుంది. మందం సన్నటి కాగితమంత కూడా ఉండదు, కానీ గోడలా పనిచేస్తుంది. గంజాయిలోని పదార్థాలు కొవ్వులో కరుగుతాయి, నీటిలో కరగవు. అందుకే అవి ఆ పొరలోని కొవ్వులోకి సులువుగా దిగి, అక్కడే ఉండిపోతాయి. దాని కింద ఉన్న తడి పొరల్లోకి దిగడానికి ఇష్టపడవు. మలాము రాసుకుంటే మత్తెక్కదని దాని అభిమానులు చెప్పేది అక్షరాలా నిజం, కారణం ఇదే. అయితే ఏ కారణం వల్ల మత్తు రక్తంలోకి పోవడం లేదో, అదే కారణం వల్ల మందు కూడా మోకాలి కీలులోకి పోవడం లేదు. మోకాలి గుజ్జు అరిగిన చోటు చర్మానికి చాలా లోతున ఉంది. ఒకే లక్షణాన్ని భద్రతకు సాక్ష్యంగా చూపి, లోపానికి సాక్ష్యంగా చూపకపోవడం సరికాదు.

రెండో చిక్కు పొయ్యి మీద ఉంది. పచ్చి పువ్వులో టీహెచ్‌సీ ఆమ్ల రూపంలో ఉంటుంది. వేడి తగిలినప్పుడు అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి అసలు టీహెచ్‌సీగా మారుతుంది. ఎంత వేడికి, ఎంతసేపటికి, ఎంత మారిందో ఇంటి మూకుడు చెప్పదు. ఆ పువ్వులో మొదట ఎంత ఉందో అసలే చెప్పదు. పైగా మన సరిహద్దు కొండల్లో శీలావతి అన్న పేరుతో దొంగచాటుగా పండించేది మత్తు కోసం పండించే రకం, సీబీడీ కోసం కాదు. ఏ పురుగుమందు చల్లారో, ఎక్కడ తడిగా మూటకట్టి ఎన్నాళ్లు దాచారో, ఎంత బూజు పట్టిందో అడిగే దిక్కు లేదు. ఈ మొక్క జాతికి నేలలోని కాడ్మియం, సీసం వంటి లోహాలను పీల్చుకునే శక్తి ఉంది; కలుషితమైన నేలను శుభ్రం చేయడానికి దీనిని నాటి చూసిన దేశాలున్నాయి. కిడ్నీ రోగి ఉన్న ఇంట్లోకి అలాంటి సరుకును పరీక్ష లేకుండా తేవడానికి నాకు మనసొప్పదు.

ఇంతకీ గంజాయి లేకుండా మేము ఇంట్లో చేసుకునే మలాము రాసినప్పుడు అమ్మకు హాయిగా ఉండే మాట నిజం. ఆ హాయి ఎక్కడినుంచి వస్తోంది? నా వాదనంతా ఈ ప్రశ్న మీదే ఉంది. దెబ్బ తగిలిన చోటును మనం ఎవరూ చెప్పకుండానే రుద్దుకుంటాం. రుద్దినప్పుడు పుట్టే స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో సిద్ధాంతం చెప్పారు. పుదీనా పువ్వు అని పిలిచే మెంథాల్ చర్మంలో చల్లదనాన్ని పసిగట్టే నరాలనూ, కర్పూరం వెచ్చదనాన్ని పసిగట్టే నరాలనూ తట్టి లేపుతాయి. వీటికి కీలు దాకా పోవలసిన పని లేదు, చర్మంలోనే వాటి పని అయిపోతుంది. వెచ్చటి నూనె, పావుగంట మర్దనా, ఆ పావుగంట పక్కన కూర్చున్న మనిషి: గంజాయి మలాము రాసుకుని బాగుందని చెప్పేవాళ్ల ఉపశమనంలో పెద్ద వాటా వీటిదేనని నేను నమ్ముతున్నాను. ఆ డబ్బాలోంచి గంజాయి తీసేసినా ఈ వాటా ఎక్కడికీ పోదు.

అందుకని మేము చేసుకుంటున్న మలాము సంగతి కొంచెం వివరంగా చెబుతాను. మా తోట కంచెకు వావిలి చెట్లున్నాయి. బాలింతకు వావిలాకు నీళ్లతో స్నానం చేయించడం మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. ఆకును కోసి నీడలో రెండు రోజులు వాడనిచ్చి, రోట్లో దంచి, మందపాటి గిన్నెలో కొబ్బరినూనెతో కలిపి సన్నటి సెగ మీద పెడతాం. పాతకాలపు తైలపాకంలో కొలత ఒక వంతు ముద్ద, నాలుగు వంతుల నూనె, పదహారు వంతుల కషాయం. మేము కషాయం పోయకుండా ఆకు ముద్దతోనే కాస్తాం. ఇందులో అందరూ తొందరపడి చెడగొట్టేది తడి దగ్గరే. ఆకులో నీరు మిగిలితే నూనె వారానికే ముక్కవాసన వేస్తుంది, బూజు పడుతుంది. మొదట గిన్నెలో చిటపటలు గట్టిగా వినిపిస్తాయి, తరువాత సన్నగిల్లుతాయి, ఆకు ముద్ద ఇసుకలా విడిపోవడం మొదలుపెడుతుంది. అప్పుడు దూది వత్తిని ఆ నూనెలో ముంచి దీపానికి అంటించి చూడాలి. చిటచిటలాడితే ఇంకా తడి ఉన్నట్టు. చప్పుడు లేకుండా నిలకడగా వెలిగితే దించవచ్చు. ఈ పరీక్ష నాకు మా అమ్మ నేర్పింది. రసాయనశాస్త్రం చెప్పే నాకు అంతకంటే చవకైన పరీక్ష ఇప్పటికీ తెలియదు.

వడగట్టిన నూనెను మళ్లీ వేడినీళ్ల గిన్నెలో పెట్టి తేనెమైనం కలుపుతాం. మైనం మన్యం వైపు సంతల నుంచి తెచ్చుకుంటాను. సవరలు, జాతాపులు తేనె పిండిన తర్వాత కాచి ఉండకట్టినది. అందులో తేనెటీగల రెక్కలు, పుల్లలు ఉంటాయి కాబట్టి ఒకసారి నీళ్లలో కరిగించి, చల్లారనిచ్చి, పైన తేలిన బిళ్లను అడుగున గీకి వాడాలి. మైనం అరవై రెండు, అరవై మూడు డిగ్రీల దగ్గర కరుగుతుంది, కొబ్బరినూనె ఇరవై నాలుగు, ఇరవై అయిదు దగ్గరే కరిగిపోతుంది. వీడియోల్లో చల్లటి దేశాలవాళ్లు చెప్పే కొలతకు చేస్తే మా వైశాఖ మాసంలో డబ్బాలో ఉండేది మలాము కాదు, నూనె. మేము వంద మిల్లీలీటర్ల నూనెకు ఇరవై గ్రాముల మైనం వేస్తాం, చలికాలంలో పదిహేను. స్పూను మీద ఒక చుక్క వేసి చల్లార్చి, వేలితో నొక్కి చూస్తే గట్టిదనం తెలుస్తుంది.

చివరిది నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. ముద్దకర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు (వాము నుంచి తీసే థైమాల్) మూడూ పొడిగా ఉండే తెల్లటి పలుకులు. మూడింటినీ ఒక గాజు సీసాలో వేసి మూతపెట్టి కదిపితే, నీటి చుక్క కలపకుండానే, పొయ్యి మీద పెట్టకుండానే, అవి చెమ్మగిల్లి, అంచుల్లో కరిగి, కాసేపటికి తేటనీరులా మారిపోతాయి. దీన్నే అమృతధార అంటారు. దేని కరుగు ఉష్ణోగ్రత దానికి ఉన్నా, కలిసినప్పుడు మూడింటిదీ గది వేడికంటే కిందకు పడిపోవడం దీనికి కారణం. దీనిని పిల్లలకు చూపించడానికి మా తరగతి గదికి కూడా తీసుకువెళ్లాను. మలాము చల్లారుతూ గట్టిపడబోయే ముందు ఇందులోంచి కొద్ది చుక్కలు కలపాలి, వేడి మీద కలిపితే ఆవిరైపోతుంది. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి: కర్పూరం కడుపులోకి పోతే చిన్నపిల్లలకు మూర్ఛలు వస్తాయి. ఈ డబ్బాను వాళ్లకు అందనివ్వకూడదు, పసిపిల్లలకు రాయనేకూడదు, పుండు మీద, చీలిన చర్మం మీద పెట్టకూడదు. మొదటిసారి మోచేతి లోపల కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడాలి.

ప్రకృతి ఇచ్చినదానికి హాని ఏముంటుందని అడిగేవాళ్లను పలాస తీసుకువెళ్లాలనిపిస్తుంది. జీడిపిక్క పెంకులో ఉండే నూనె ప్రకృతి ఇచ్చినదే. ఆ పిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు నల్లబడి, తోలు ఊడి, పగుళ్లలో మంట పుట్టడం మా మండలాల్లో చూడని వారుండరు. వాళ్లలో మా చిన్నమ్మ కూడా ఒకరు. ప్రకృతి అన్న మాట మందుకు యోగ్యతాపత్రం కాదు, నా వావిలికి కూడా కాదు. వావిలి మోకాలి అరుగుదలను నయం చేస్తుందని నేను ఎక్కడా అనను. రాత్రి నిద్రకు ముందు కొంత హాయినిస్తుంది, అంతే.

ఇక చట్టం. మొదట దాని గురించి రాయకూడదనుకున్నాను, భయపెట్టి ఒప్పించినట్టు ఉంటుందని. కానీ మా జిల్లాల పరిస్థితిలో అది దాచడం తప్పు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి అంటే మొక్క పూతకొన అని చెబుతుంది. కొన లేకుండా విడిగా ఉన్న ఆకునూ గింజనూ ఆ నిర్వచనంలోంచి మినహాయించింది. ఈ మినహాయింపు చూపి, ఆకుతో చేసుకోవచ్చు కదా, పెరట్లో ఒక మొక్క పెంచితే సరి అంటున్నారు. మినహాయింపు విడి ఆకుకే కానీ మొక్కకు కాదు. అనుమతి లేకుండా మొక్కను పెంచడమే నేరం, దానికి పదేళ్ల వరకు కఠిన శిక్ష ఉంది. ఒక కిలో లోపు గంజాయిని కూడా చట్టం వదలదు. ఏడాది వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా లేదా రెండూ. అన్నిటికంటే మలాము చేసేవాళ్లు తెలుసుకోవలసినది వేరే ఉంది. ఇతర పదార్థంతో కలిపిన మత్తుపదార్థం విషయంలో మొత్తం మిశ్రమం బరువునే లెక్కించాలని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పింది. అంటే మీరు వేసింది చిటికెడైనా, దానితో కలిసిన కొబ్బరినూనె, మైనం బరువు కూడా మీ లెక్కలోకే వస్తుంది.

ఆ చిటికెడు ఎక్కడినుంచి వస్తుందో కూడా అడగాలి. పాడేరు వైపు నుంచి, ఒడిశా కొండల నుంచి దిగే సరుకు శృంగవరపుకోట, సాలూరు దారుల్లో, మా ఇచ్ఛాపురం దారిలో, రైళ్లలో పోతుంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు రెండు లక్షల కిలోల గంజాయిని గుట్టలుగా పోసి తగలబెట్టారు. అంత సరుకు వెనక ఉన్న పెద్దవాళ్లు ఎవరో మాకు కనిపించరు. మాకు కనిపించేది మోసేవాళ్లే. నా దగ్గర పదో తరగతి చదివిన ఒక కుర్రవాడు, లెక్కల్లో చురుకైనవాడు, ఒక రాత్రి బండి నడిపితే ఇస్తామన్న డబ్బుకు ఆశపడి పట్టుబడ్డాడు. అతని తల్లి వాయిదాలకు వెళ్లడానికి బస్సు ఛార్జీలు అప్పు తెచ్చుకుంటోంది. మా అమ్మ మోకాలికి రాసే మలాము కోసం నేను కొనే పొట్లం కూడా అలాంటి ఇంకొక కుర్రవాడి చేతుల మీదుగానే వస్తుంది. ఈ మాట చెప్పినప్పుడు మా బావమరిది తల దించుకున్నాడు.

ఇలా రాస్తున్నానని ఆ మొక్క మీద పరిశోధన వద్దనేవాణ్ని కాదు, గట్టిగా కావాలనేవాణ్ని. ఐక్యరాజ్య సమితి కమిషన్ 2020 డిసెంబరులో గంజాయిని అత్యంత ప్రమాదకరమైన మందుల జాబితా నుంచి తీసివేయాలని ఓటు వేసినప్పుడు భారతదేశం కూడా అనుకూలంగానే ఓటు వేసింది. మన చట్టమే వైద్య, శాస్త్రీయ అవసరాలకు అనుమతితో సాగు చేసే వీలు ఇస్తోంది. ఉద్దానంలాంటి చోట, నొప్పి బిళ్ల మింగలేని ఇన్ని వేలమంది ఉన్నచోట, మోతాదు కొలిచిన మలాముతో, ఉత్తుత్తి మలాముతో పోల్చి, సరైన పరీక్ష ఒకటి జరగాలి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఉన్నాయి కదా. కిడ్నీ ఎందుకు పాడవుతోందన్న ప్రశ్నతో పాటు, పాడైన కిడ్నీతో బతికేవాళ్ల నొప్పిని ఎలా తగ్గించాలన్న ప్రశ్న కూడా అక్కడ మొదలుకావాలి. ఆ పరీక్షలో గంజాయి మలాము నెగ్గితే, డాక్టరు చీటీ మీద, లైసెన్సున్న దుకాణంలో, డబ్బా మీద మోతాదు రాసి ఉన్న మందును మా అమ్మ కోసం కొనడానికి మొదటి వరుసలో నేనే నిలబడతాను.

ఉగాదికి బావమరిది మళ్లీ వచ్చాడు. ఈసారి వత్తి పరీక్ష అతనే చేశాడు. రెండుసార్లు చిటచిటలాడింది, మూడోసారి నిలిచింది. రాత్రి అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంటే, మలాము వేళ్ల మధ్య కరిగించి, మోకాలి చిప్ప చుట్టూ మెల్లగా తిప్పుతూ రాయడం మొదలుపెట్టాడు. "ఎడం కాలికి ఇంకొంచెం ఎక్కువసేపు రాయి నాయనా, అదే ఎక్కువ పీకుతోంది" అంది అమ్మ.